నెట్‌బాల్ నియమాలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఆడే పిల్ల పాదాల సంగతి ఏమిటి?

తార్నీట్_అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో ఉంటున్నాము. పదకొండేళ్ల మా పాప, స్నేహితురాళ్లందరూ ఆడుతున్నారని, ఈ చలికాలపు సీజన్‌లో దగ్గరలోని నెట్‌బాల్ క్లబ్‌లో చేరింది. వారం మధ్యలో ఒక సాయంత్రం సాధన ఉంటుంది, శనివారం ఉదయం ఆట ఉంటుంది. ఇక్కడి క్లబ్బులు ఎక్కువగా తల్లిదండ్రుల స్వచ్ఛంద సేవ మీదనే నడుస్తాయి కనుక, జట్టు మేనేజరు బాధ్యతను నాకు అప్పగించారు. గుంటూరులో చదువుకునే రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడాను. ఆ అలవాటుతో చూస్తూ ఉంటే ఈ ఆటలో అంపైరు ఈల ఎందుకు వేస్తున్నారో సగంసార్లు తెలియడం లేదు. పిల్లలు వచ్చి నన్ను అడిగితే చెప్పడానికి సమాధానం ఉండటం లేదు. నియమాల పుస్తకం చదవడం మొదలుపెట్టాను గాని, ఏది ముఖ్యమో, ఏది తరువాత చూసుకోవచ్చో తెలియక ఆగిపోయాను.

రెండవ విషయం పాప కాళ్లు. ఆట ముగిసేసరికి రెండు మడమల వెనుక భాగం నొప్పిగా ఉందంటూ మునివేళ్ల మీద నడుస్తుంది, మర్నాటికి చాలావరకు తగ్గుతుంది. బొటనవేలి పక్కన బొబ్బలు కూడా వస్తున్నాయి. పిల్ల పెరుగుతోంది కదా అని కొంచెం పెద్ద సైజులో తీసుకున్న రన్నింగ్ షూతోనే ఆడిస్తున్నాము. నువ్వుల నూనె వేడిచేసి మడమలకు గట్టిగా మర్దన చేస్తే సరిపోతుందని మా అత్తయ్యగారు అంటున్నారు. ఆట తెలిసినవారు, వైద్యం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఈల_ఆక్లాండ్ సమాధానం:

తార్నీట్_అమ్మ గారికి నమస్కారం. నేను ఆక్లాండ్‌లో వారాంతాల్లో పిల్లల ఆటలకు అంపైరుగా ఉంటాను. నియమాల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవవద్దని నా మొదటి సలహా. ఒక అమ్మాయి బంతి అందుకున్న క్షణం నుంచి దానిని వదిలే క్షణం వరకు ఆమె ఏమి చేయవచ్చు, ఎదుటి అమ్మాయి ఏమి చేయవచ్చు అన్నది ముందు పట్టుకోండి. పిల్లల ఆటలో వినిపించే ఈలల్లో అధికభాగం ఆ రెండు మూడు సెకన్లలో జరిగే పొరపాట్లకే.

బాస్కెట్‌బాల్ తెలిసినవారికి ఇది ఎందుకు కష్టంగా ఉంటుందో చెబుతాను. 1890లలో అమెరికా నుంచి ఇంగ్లండ్‌లోని మహిళల వ్యాయామ కళాశాలకు చేరిన బాస్కెట్‌బాల్ అక్కడ మార్పులు పొంది వేరే ఆటగా తయారైంది. 1901లో ఇంగ్లండ్‌లో దాని నియమాలు అచ్చయ్యాయి, 1960లో అప్పటి సిలోన్‌లో వివిధ దేశాల ప్రతినిధులు కూర్చుని అందరికీ ఒకే నియమావళిని కుదుర్చుకున్నారు. మా దేశంలోనూ మీ దేశంలోనూ 1970 వరకు దీనిని మహిళల బాస్కెట్‌బాల్ అనే పిలిచేవారు. ఆ మార్పులన్నింటిలో పెద్దది, బంతిని నేలకు కొడుతూ పరుగెత్తే అవకాశాన్ని పూర్తిగా తీసివేయడం. బంతి చేతిలో ఉన్నంతసేపు అమ్మాయి ఉన్నచోటనే ఉండాలి, మూడు సెకన్లలోపు దానిని ఇంకొకరికి విసరాలి లేదా గోలు వేయాలి. కనుక ఈ ఆటలో బంతి లేని అమ్మాయిల పరుగే అసలు ఆట.

ఇక అందరినీ తికమకపెట్టే ఫుట్‌వర్క్ నియమం. మీ దగ్గర పిల్లలు దీనిని స్టెప్పింగ్ అని అరుస్తారు. గాలిలో బంతి అందుకుని ఒక కాలి మీద దిగిన అమ్మాయికి ఆ కాలు దిగిన కాలు. ఆ కాలు నేలమీద ఉన్నంతవరకు రెండవ కాలిని ఏ దిక్కుకైనా, ఎన్నిసార్లయినా కదుపుతూ దిగిన కాలి మీద గిర్రున తిరగవచ్చు. రెండవ కాలిని ముందుకు వేసి, దిగిన కాలిని పైకి లేపవచ్చు కూడా. అయితే లేపిన ఆ కాలు మళ్లీ నేలను తాకేలోపు బంతి చేతిని వదిలిపోయి ఉండాలి. దిగిన కాలిని నేలమీద ఈడ్చడం, జార్చడం, ఒంటికాలి మీద గెంతడం తప్పు. రెండు కాళ్లూ ఒకేసారి నేలను తాకితే ఏది దిగిన కాలో తరువాత తానే ఎంచుకోవచ్చు కనుక అనుభవం ఉన్నవారు వీలైనప్పుడల్లా రెండు కాళ్ల మీదనే దిగుతారు. ఈ ఒక్క నియమం మీకు కంటికి కనబడటం మొదలైతే మిగిలినవి ఊరికే వచ్చేస్తాయి. ఒక పూర్తి క్వార్టరు (ఆటలో నాలుగో వంతు) బంతిని చూడటం మానేసి, బంతి అందుకున్న అమ్మాయి పాదాలను మాత్రమే చూడండి.

ఎదుటి అమ్మాయి విషయానికి వస్తే, బంతి పట్టుకున్న అమ్మాయి దిగిన కాలికీ అడ్డుకునే అమ్మాయి దగ్గరి పాదానికీ మధ్య నేలమీద 0.9 మీటర్లు, అంటే మూడు అడుగుల దూరం ఉండాలి. ఆ దూరం ఉన్న తరువాత చేతులు ఎంత చాచినా, పైకి ఎగిరినా తప్పు లేదు. దూరం తగ్గితే అబ్‌స్ట్రక్షన్, ఒంటికి తగిలి ఎదుటివారి ఆటకు అడ్డుపడితే కాంటాక్ట్. ఈ రెండింటికి శిక్ష కఠినంగా ఉంటుంది: తప్పు చేసిన అమ్మాయి బంతి వేసేవారి పక్కన నిలబడి, బంతి చేయి దాటేవరకు ఆటలో కలగజేసుకోకూడదు. ఫుట్‌వర్క్, మూడు సెకన్లు దాటడం, తన పరిధి దాటి వెళ్లడం వంటి వాటికి అవతలి జట్టుకు ఫ్రీ పాస్ (బంతి విసిరే అవకాశం) మాత్రమే ఇస్తారు. ఎవరినీ పక్కన నిలబెట్టలేదంటే తప్పు ఏ కోవకు చెందిందో మీరు బయటి నుంచే చెప్పగలరు.

పరిధుల సంగతి బిబ్ (ఆడే స్థానం తెలిపేలా పైన వేసుకునే పట్టా) మీది అక్షరాలను బట్టి తెలుస్తుంది. 30.5 మీటర్ల పొడవు, 15.25 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం అడ్డంగా మూడు భాగాలుగా ఉంటుంది. జీఎస్ (గోల్ షూటర్), జీకే (గోల్ కీపర్) తమ తమ చివరి భాగం దాటరు. సెంటర్ స్థానంలో ఆడే అమ్మాయి మైదానమంతా తిరగవచ్చు గాని రెండు గోలు అర్ధవృత్తాల్లోకి మాత్రం పోకూడదు. గోలు వేసే హక్కు జీఎస్‌కు, జీఏ (గోల్ అటాక్)కు మాత్రమే ఉంది, అది కూడా 4.9 మీటర్ల వ్యాసార్ధం గల అర్ధవృత్తం లోపల నిలబడే. మిగతావారి హద్దులు ఒక కాగితం మీద గీసుకుంటే ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. బంతి మైదానంలోని ఒక పూర్తి భాగాన్ని ఎవరూ తాకకుండా దాటిపోకూడదన్నది, గోలు ఎవరు వేసినా సెంటర్ పాస్ (మైదానం మధ్య నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే పాస్) రెండు జట్లకు వంతులవారీగా వస్తుందన్నది బాస్కెట్‌బాల్ వారు తరచు మరచిపోయే సంగతులు. చిన్నపిల్లల కార్యక్రమాల్లో బంతి చిన్నదిగా ఉంటుంది, సమయంలోనూ అడుగుల్లోనూ కొంత సడలింపు ఇస్తారు. మీ అసోసియేషన్ ఆ వయసు పిల్లలకు ఏ నియమాలు పెట్టిందో సీజన్ మొదట్లో ఇచ్చిన కాగితంలో చూసుకోండి.

పాదాల గురించి వైద్యులే చెప్పాలి. నా వృత్తి కంటికి కనబడేది మాత్రం ఒకటుంది. ఫుట్‌వర్క్ తప్పులు ఎక్కువగా చేసే పిల్లలే కాలు మెలిపడి కిందపడతారు. ఆగడం రాని పిల్ల ఆగినప్పుడల్లా దెబ్బ కాళ్లకే తగులుతుంది.

పాదవైద్యం_బ్రిస్బేన్ సమాధానం:

పైన ఈల గారు చివరలో చెప్పినదానితోనే నేను మొదలుపెడతాను. పరుగు మీద ఉన్న పిల్ల ఒకటి, ఒకటిన్నర అడుగులో నిశ్చలంగా నిలిచిపోవాలని ఈ ఆట నియమమే శాసిస్తోంది. బాస్కెట్‌బాల్‌లో డ్రిబుల్ చేస్తూ నాలుగు అడుగుల్లో తగ్గించుకునే వేగాన్ని ఇక్కడ ఒక్క పాదం, ఒక్క చీలమండ, ఒక్క మోకాలు మింగాలి. నెట్‌బాల్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గాయం చీలమండ బెణుకు కావడానికీ, మోకాలి కీలు నడుమ ఎముకలను కలిపి పట్టే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోయే సంఘటనల్లో చాలావరకు ఎవరూ తగలకుండానే, కేవలం దిగేటప్పుడు జరగడానికీ కారణం ఇదే. నియమం నేర్పడాన్ని, పాదాల సంరక్షణను మీరు రెండు ప్రశ్నలుగా అడిగారు. ఒక మంచి శిక్షకుడికి అవి ఒకే పాఠం. మోకాళ్లు, తుంటి మెత్తగా వంచి, మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల దిశలోనే ఉంచి, చప్పుడు తక్కువగా దిగడం వచ్చిన పిల్లకు స్టెప్పింగ్ ఈలలు తగ్గుతాయి, బెణుకులూ తగ్గుతాయి. నెట్‌బాల్ ఆస్ట్రేలియా వారి ‘నీ’ (KNEE, అంటే మోకాలు) ప్రోగ్రామ్, న్యూజిలాండ్‌లోని నెట్‌బాల్‌స్మార్ట్ సన్నాహక వ్యాయామాలు ఈ ఉద్దేశంతో తయారైనవే, ఉచితంగా దొరుకుతాయి. మేనేజరుగా మీరు చేయగలిగిన అతి పెద్ద మేలు, ఆటకు ముందు ఆ వ్యాయామాలకు సమయం మిగిలేలా పిల్లలను కాస్త త్వరగా మైదానానికి రప్పించడం.

పాప మడమ నొప్పి గురించి చూడకుండా నిర్ధారించి చెప్పలేను. అయితే సుమారు 8 నుంచి 14 ఏళ్ల మధ్య, ఎదిగే వయసులో, గెంతే ఆటలు ఆడే పిల్లల్లో రెండు మడమల వెనుకా ఇలా నొప్పి రావడానికి అత్యంత సాధారణ కారణం సీవర్స్ అని పిలిచే సమస్య. మడమ ఎముక వెనుక ఇంకా గట్టిపడని ఎదుగుదల మృదులాస్థి ఉంటుంది. ఎముక వేగంగా పెరిగి పిక్క కండరం బిగుసుకున్న దశలో, ఆ కండరాన్ని మడమకు కలిపే స్నాయువు దానిని పదేపదే లాగుతుంది. మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఇది ఎముకకు శాశ్వత నష్టం చేసేది కాదు, ఆ మృదులాస్థి ఎముకతో కలిసిపోయే వయసుకు దానంతట అదే పోతుంది. అప్పటివరకు చేయవలసింది మడమ మీద భారం తగ్గించడం. బూటులో మడమ కింద మెత్తని ప్యాడ్ రెండు కాళ్లకూ పెట్టండి, ఇంట్లో గట్టి నేలమీద ఉత్త కాళ్లతో తిరగకుండా మెత్తని చెప్పులు వేయించండి, ఆట తరువాత గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టండి, పిక్కలను సున్నితంగా సాగదీసే వ్యాయామం చేయించండి. ఒక్క కాలికే నొప్పి ఉన్నా, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉన్నా, వాపు, ఎరుపు, జ్వరం కనిపించినా, విశ్రాంతి తరువాత కూడా కుంటుతున్నా ఇవేవీ చేయకుండా నేరుగా వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి.

అత్తయ్యగారి నూనె మర్దన పిక్కలకు మృదువుగా చేస్తే హాయిగానే ఉంటుంది, మాన్పించనవసరం లేదు. నొప్పి ఉన్న మడమనే గట్టిగా నలపడం మాత్రం వద్దు.

బూట్ల విషయంలో మన తెలుగు ఇళ్లలో ఒక దురలవాటు ఉంది. పిల్ల పెరుగుతుందని రెండు సైజులు పెద్దవి కొంటాము. పాదం లోపల జారుతుంది, ఆగిన ప్రతిసారీ వేళ్లు ముందుకు పోయి గుద్దుకుంటాయి. బొబ్బలకూ, గోళ్లు నల్లబడటానికీ అదే మూలం. నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంటే చాలు. పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, ఆటకు వేసుకునే సాక్సులతోనే వెళ్లి కొలిపించండి. ఇక రన్నింగ్ షూ ముందుకు పరుగెత్తడానికి తయారైనది. దాని ఎత్తైన మెత్తని మడమ పక్కకు తిరిగేటప్పుడు చీలమండను ఒరిగిస్తుంది. నెట్‌బాల్ షూకు అడుగు భాగం వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉంటుంది, పక్కల బిగువు ఉంటుంది. బ్రాండు కంటే పాదానికి అమరడమే ముఖ్యం.

బొబ్బ చిన్నదైతే చిదమవద్దు, పైన ప్లాస్టరు వేసి వదిలేయండి. పెద్దదై నడవనీయకపోతే శుభ్రపరచిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు తీయవచ్చు గాని పై చర్మాన్ని ఒలిచేయకూడదు. తడిసినా ఆరే స్వభావం ఉన్న క్రీడా సాక్సులు నూలు సాక్సుల కంటే మేలు. మన అమ్మలు కూడా ఈ మధ్య సాయంత్రపు సోషల్ జట్లలో ఆడుతున్నారు కనుక ఒక మాట చెప్పాలి: మధుమేహం ఉన్నవారు సూది పని సొంతంగా చేయవద్దు, ఆడిన ప్రతిరోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి.

పీఈటీ_హనుమకొండ సమాధానం:

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మన దగ్గర నెట్‌బాల్ ఎవరికీ తెలియదని అనుకుంటారు గాని స్కూల్ గేమ్స్‌లో ఈ ఆట ఉంది, బాలురకు కూడా ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో భారత మహిళల జట్టు ఆడింది. మాకు చెక్క నేల మైదానాలు లేవు. సిమెంటు మీదనో, నీళ్లు చల్లి గట్టిచేసిన మట్టి మీదనో పలుచని కాన్వాస్ బూట్లతో ఆడిస్తాము. కొందరు పిల్లలు ఉత్త కాళ్లతో సాధనకు దిగుతారు. పాదవైద్యం గారు చెప్పిన బూట్లు కొనే స్తోమత మా పిల్లలకు లేదు కనుక, నేలను బట్టి సాధన మార్చుకోవడమే మాకు ఉన్న దారి. గెంతి దిగే సాధనంతా మట్టి మీద, బంతి విసిరే సాధన సిమెంటు మీద పెట్టుకుంటాను. ఎండ ముదిరిన తరువాత సిమెంటు మీద ఎవరినీ నిలబెట్టను.

ఫుట్‌వర్క్ నేర్పేటప్పుడు నేను బంతిని చాలా రోజులు బయటకే తీయను. సుద్దతో గీత గీసి, పిల్లలను పరుగెత్తించి, ఈల వినగానే గీత మీద రెండు కాళ్లతో దిగి బిగుసుకుపోమంటాను. చిన్నప్పుడు ఆడిన స్టాచ్యూ ఆటలాగా ఉంటుంది కనుక నవ్వుతూ నేర్చుకుంటారు. తరువాత ఒంటికాలి మీద, ఆ తరువాత ఎడమ కాలు, కుడి కాలు నేను చెప్పినట్లు మార్చి, చివరకు బంతితో. సాధన చివర ఒక్కొక్క కాలి మీద కాసేపు నిలబెట్టి పక్కవారితో బంతి మార్చుకోమంటాను. ఇది చీలమండకు బలం ఇస్తుంది, ఖర్చు లేనిది.

ఎవరూ ప్రస్తావించని ఒక సంగతి ఉంది. ఈ ఆటలో నగలు వేసుకోకూడదు, చేతి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. మన ఆడపిల్లల కాళ్లకు పట్టీలు ఉంటాయి, పెళ్లయినవారికి మెట్టెలు ఉంటాయి. పెళ్లి ఉంగరానికి టేపు చుట్టుకుని ఆడనిస్తారు గాని, మెట్టెలు బూటులోపల ఉన్నా రెండవ వేలిని పక్కవేలికి ఒరిపించి పుండు చేస్తాయి. ఆట ముందు తీసి దాచుకుని, తరువాత పెట్టుకోవడంలో దోషమేమీ లేదని మా జిల్లా జట్టు అక్కచెల్లెళ్లకు వారి అత్తగార్ల ఎదుటే చెప్పవలసి వచ్చింది. కాలి గోళ్లు మూలలు లోతుగా తీయకుండా సూటిగా కత్తిరించాలి. స్నానం తరువాత వేళ్ల సందులు తుడుచుకోకపోతే తెల్లగా నాని, చర్మం ఊడి, దురద మొదలవుతుంది. అది ఫంగస్, ఒకరి సాక్సులు ఒకరు వేసుకుంటే జట్టంతా అంటుకుంటుంది.

తార్నీట్_అమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. మడమను రెండు పక్కలా నొక్కితే పాప నిజంగానే అరిచింది. వైద్యుల దగ్గర సమయం తీసుకున్నాను. మరో రెండు ప్రశ్నలు. పాప ఇప్పుడు సెంటర్‌గా ఆడుతోంది. సీజన్ మధ్యలో పూర్తిగా మానేయమంటే ఏడుస్తుంది, మానేయాలా? జట్టులో చాలామంది చీలమండ బెణకకుండా బిగించే పట్టీలు (బ్రేసులు) కట్టుకుని వస్తున్నారు, అందరికీ కొనిపించమంటారా?

పాదవైద్యం_బ్రిస్బేన్:

సీవర్స్ అని వైద్యులు నిర్ధారిస్తే పూర్తిగా మాన్పించవలసిన అవసరం చాలామందికి రాదు. ఆడేటప్పుడు కుంటకుండా ఉండాలి, మర్నాడు ఉదయానికి నొప్పి సర్దుకోవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా ఆ వారం భారం ఎక్కువైనట్లే. సెంటర్ అందరికన్నా ఎక్కువ దూరం పరుగెత్తుతుంది కనుక కొంతకాలం ఆ స్థానం వద్దు. జీకే పరుగు తక్కువ గాని, రీబౌండ్ల (గోలు తప్పి తిరిగివచ్చే బంతుల) కోసం ఎగురుతూనే ఉండాలి. కనుక నేనైతే జీఎస్‌గా, అదీ ఒక క్వార్టరు విడిచి ఒక క్వార్టరు ఆడిస్తాను. స్కూలులో వ్యాయామ పీరియడ్, డాన్సు క్లాసు ఉంటే వాటినీ లెక్కలోకి తీసుకోండి. కూచిపూడి నేర్చుకునే పిల్లలు ఉత్త కాళ్లతో గట్టి నేల మీద అడుగులు కొడతారన్నది మన ఇళ్లలో మరచిపోతాము.

చీలమండ పట్టీ ఇంతకు ముందు బెణికినవారికి మళ్లీ బెణకకుండా కాపాడటంలో బాగా పనికివస్తుంది. ఎన్నడూ బెణకని చిన్నపిల్లలందరికీ కొనిపించే బదులు ఒంటికాలి సాధన చేయించడం మేలని నా అభిప్రాయం. ఆటలో ఎవరికైనా బెణికితే మొదటి రెండు మూడు రోజులు మర్దన, వేడి కాపడం వద్దు, బెణుకు లాగించడం అసలే వద్దు. పైకెత్తి పెట్టి, బిగువుగా కట్టు కట్టి, ఐసు పెట్టండి. కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ పక్క ఎముకల మీద వెనుక అంచున నొక్కితే నొప్పి ఉన్నా, పాదం వెలుపలి అంచు మధ్యలో ఉబికి ఉండే ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

ఈల_ఆక్లాండ్:

స్థానాలు మార్చడం గురించి నియమం చెబుతాను. క్వార్టర్ల మధ్య విరామంలో ఎవరిని ఎక్కడికైనా మార్చవచ్చు, బయటివారిని లోపలికి తీసుకోవచ్చు. గాయం వల్ల ఆట ఆగినప్పుడు కూడా మార్పులకు వీలుంటుంది. బిబ్బులు మార్చుకోవడం మరచిపోతే మాత్రం, ఒంటి మీది బిబ్‌కు చెందని భాగంలోకి వెళ్లిన పిల్ల పరిధి దాటినట్లు లెక్క. కనుక పాపను జీఎస్‌కు పంపే క్వార్టరులో సెంటర్ బిబ్ ఎవరికి ఇవ్వాలో శుక్రవారం రాత్రే శిక్షకురాలితో మాట్లాడి కాగితం మీద రాసుకోండి. మూడవ విరామంలో వానలో నిలబడి ఆలోచించడం కష్టం.